ప్రత్తిపాడులో కారు హీటరు

17 నవంబరు 2002

కారుకి హీటరు పెడుతున్నానని చెప్పగానే కోటేష్ చేతిలో ఉన్న పెసరట్టు ముక్క పళ్ళెంలో పడేసి మరీ నవ్వాడు. లక్ష్మీదుర్గకి తమ్ముడు, నాకు బావమరిది. గుంటూరులో ఎరువుల షాపు పెట్టి నాలుగు డబ్బులు చూసేసరికి నోరు పెరిగింది.

"ప్రత్తిపాడులో కారుకి హీటరేంది బావా? మే నెల్లో బండి ఎండలో వదిలేస్తే చాలదా?" అన్నాడు.

నవ్వనీ. మూడేళ్ళ కిందట ఈ కారు మొదలుపెట్టినప్పుడు కూడా ఇలాగే నవ్వాడు. మా బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు. వేలంలో కొన్న పాత జీపు చట్రం, దాని మీద అంబాసిడర్ పెట్రోలు ఇంజను, ఎవరిదో పాత వ్యాను తలుపులు, మిగతా రేకంతా నా లేత్ షాపులో నేను వంచిందే. ఆగస్టులో అమరావతి వెళ్ళొచ్చాం. ఎక్కడా ఆగలేదు, ఎవరూ తొయ్యలేదు. ఆ రోజు వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నది కోటేషే. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పడు.

హీటరు ఎందుకో వాడికి తెలుసు. మే నెలలో లక్ష్మీదుర్గ బడికి సెలవులు. మనాలీ వెళ్తున్నాం, అక్కణ్ణించి రోహ్‌తాంగ్ కనుమ. పెళ్ళయిన కొత్తలో, తను ఇంకా టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు, ఒక్కసారి మంచు మీద నడవాలని ఉందండీ అంది. మన కారులో తీసుకెళ్తాను అన్నాను. అప్పుడు నా దగ్గర సైకిలుండేది, దానికి వెనక బ్రేకు లేదు. ఇరవై మూడేళ్ళయింది. ఇప్పుడు కారుంది.

అయితే తను డిసెంబరు వస్తే స్వెట్టరు వేసుకుని పాఠం చెప్పే మనిషి. మజ్జిగ కూడా వెచ్చబెట్టుకుంటుంది. ఈ రేకు డబ్బాలో కూర్చోబెట్టి మంచులోకి తీసుకెళ్తే కొయ్యబారిపోతుంది. రైల్లో వెళ్దాం బావా, టికెట్లు నేను తీస్తా, మేమూ వస్తాం అని కోటేష్ గొడవ. రైలు ఎవడైనా ఎక్కుతాడు.

24 నవంబరు

అయిపోయింది. ఇంతే పని. ఇంజను వేడి నీళ్ళు రేడియేటరుకి పోయే దారిలోంచి ఒక పాయ లోపలికి లాగాను. విజయవాడ ఆటోనగర్ పాత సామాన్లలో సన్నటి రాగి గొట్టాల చట్రం ఒకటి దొరికింది, చిన్న రేడియేటరు లాంటిది. దాన్ని ముందు సీటు కాళ్ళ దగ్గర బిగించి, వెనక బ్యాటరీతో తిరిగే ఫ్యాను పెట్టాను. నీళ్ళు వేడెక్కితే గొట్టాలు వేడెక్కుతాయి, ఫ్యాను ఆ వేడిని మనిషి మీదికి తోస్తుంది.

అద్దాలు మూసుకుని గుంటూరు వెళ్ళొచ్చాను. దిగి చొక్కా పిండితే చెంబుడు నీళ్ళు.

1 డిసెంబరు

కారుతోంది. చర్చి సెంటరు దగ్గర లక్ష్మీదుర్గ పాదం మీద వేడి నీళ్ళు పడ్డాయి. పెద్దగా కాలలేదు. "ఇది హీటరా, స్నానాల గదా?" అంది, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని.

దీనికి మందు ఈ రోడ్డు మీద తిరిగే ప్రతి లారీ డ్రైవరుకీ తెలుసు. రేడియేటరులో పిడికెడు పసుపు పోస్తే చాలు, అది ఉబ్బి చిల్లు దగ్గర కూర్చుంటుంది. దుగ్గిరాల పసుపు ఇంట్లో ఉంది. పిడికెడు లారీవాళ్ళకి. మనం చేసేది గట్టిగా చెయ్యాలి కదా, అరకిలో పోశాను.

3 డిసెంబరు

కారడం ఆగింది. వేడీ ఆగింది.

8 డిసెంబరు

విప్పి చూశాను. సన్న గొట్టాలన్నీ పసుపు ముద్దతో మూసుకుపోయాయి. లారీ రేడియేటరు గొట్టాలు లావు, వాటికి పసుపు సరిపోతుంది. వీటికి సరిపోదు. ఇది ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా.

లక్ష్మీదుర్గ వచ్చి చూసి, "ఏవండీ, పెళ్ళికూతుర్ని చేశారా దీన్ని? మరి పెళ్ళికొడుకు ఎక్కడ?" అని అడిగింది. కోటేష్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

మంచిదే అయింది. నీళ్ళు ఉన్నచోట కారడం ఉంటుంది. అసలు నీళ్ళే లేకపోతే? ఇంజను నుంచి పొగ బయటికి పోయే గొట్టం ఎర్రగా కాలుతుంది, ఆ వేడంతా రోడ్డు మీదికి పోతోంది. ఆ గొట్టం చుట్టూ రేకు తొడుగు వేసి, తొడుగులోకి ఫ్యానుతో గాలి కొట్టి, ఆ గాలిని కారులోకి మళ్ళిస్తే సరి. పైసా ఖర్చు లేని వేడి. ఈ ఆలోచన రాగానే పొద్దున్నించి ఉన్న చిరాకంతా పోయింది.

పక్క షాపు జాన్ బాషాకి బొమ్మ గీసి చూపించాను. వెల్డింగులో ఈ చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా, నేను కాకుండా. చాలాసేపు చూశాడు.

"బుల్లయ్యన్నా, ఆ గొట్టానికి వెంట్రుకంత చీలిక ఉన్నా పొగ తొడుగులోకి వస్తది. తొడుగులోంచి బండిలోకి వస్తది. అది కనపడదు, వాసన రాదు. ముందు తలనొప్పి వస్తది, తర్వాత నిద్ర వస్తది. ఆ నిద్రలోనే పోతారన్నా. నేనైతే నీళ్ళదే మళ్ళీ కట్టుకుంటా."

"నా వెల్డింగులో చీలికా?" అన్నాను.

ముప్పై ఏళ్ళుగా ఈ చేత్తో బోరు పైపులు అతికిస్తున్నాను. ఇంతవరకు ఒక్కటి తిరిగి రాలేదు.

15 డిసెంబరు

తొడుగు పూర్తి. గొట్టంలోకి గాలి కొట్టి, అతుకులన్నిటికీ సబ్బు నీళ్ళు పూసి చూశాను. ఒక్క బుడగ లేదు. జాన్ బాషాని పిలిచి చూపించాను. "చల్లగా ఉన్నప్పుడు రాదన్నా. ఇనుము కాలితే తెరుచుకుంటది. కాలాక చూడు" అన్నాడు. చాదస్తం.

19 డిసెంబరు

అద్భుతం. పొద్దున్నే అద్దాలు మూసుకుని చిలకలూరిపేట దాకా వెళ్ళొచ్చాను. ఆముదం వేడిగా రాసుకున్నట్టు ఉంది ఒంటికి. నీళ్ళ హీటరు దీని ముందు బలాదూర్.

కొంచెం తలనొప్పి. చెవులకి గుడ్డ కట్టుకోకుండా చలిగాలిలో తిరిగాను. అద్దాలు మూసే ఉన్నాయి గానీ, టీకి దిగినప్పుడు కొట్టి ఉంటుంది.

22 డిసెంబరు

గుంటూరు వెళ్ళొచ్చాను. తలనొప్పి. కాఫీ తాగకుండా బయల్దేరాను.

29 డిసెంబరు

తలనొప్పి. కొత్త గోంగూర పచ్చడి, అందులో ఆ నూనె.

5 జనవరి 2003

తలనొప్పి. ఎవరో పత్తికి మందు కొట్టే స్ప్రేయరు బాగుచెయ్యమని కడగకుండానే షాపులో పెట్టి పోయాడు. మనుషులకి బుద్ధి లేదు.

12 జనవరి

మళ్ళీ తలనొప్పి. కళ్ళద్దాలు మార్పించాలి.

ఇంకో చిక్కు. ఇక్కడ జనవరిలో కూడా పదకొండింటికల్లా ఎండ మండుతోంది. హీటరు ఎంత పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది? వేడి దానిదో సూర్యుడిదో ఎవరు చెప్పాలి? గడ్డకట్టే చలి కావాలి నాకు. గుంటూరు జిల్లాలో అది ఎక్కడ దొరుకుతుంది?

13 జనవరి

దొరికింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ. అమెరికా వాడికి కూడా తట్టదు ఈ ఆలోచన.

26 జనవరి

గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో ఒక కోల్డ్ స్టోరేజీకి రామ్మూర్తి గారు మేనేజరు. వాళ్ళ ట్రాలీల ఇరుసులన్నీ నేను లేత్ మీద తిప్పి ఇచ్చినవే. పాత మిర్చి అమ్ముడుపోయి గదులు ఖాళీగా ఉంటాయి ఇప్పుడు. కొత్త పంట వచ్చేలోగా ఒక్కొక్కటీ చల్లబరుస్తారు. అడిగితే మొదట నమ్మలేదు.

"కారు తెచ్చి మా గదిలో పెడతానంటావు. పొగ వాసన గోడలకి పట్టిందనుకో, మా ఓనరు నన్ను టిక్కీ బస్తాలో కుట్టేసి మిర్చి యార్డుకి పంపుతాడయ్యా" అన్నారు.

దానికి నా దగ్గర జవాబుంది. వెనక పొగ గొట్టానికి ఇరవై అడుగుల బోరు పైపు తగిలించి, గది తలుపు సందులోంచి బయటికి పెడతాను. లోపల పొగ చుక్క ఉండదు. మూసిన గదిలో ఇంజను నడిపితే మనుషులు పోతారని నాకు తెలియదా? జాన్ బాషా ఒక్కడికే తెలుసా? ఒప్పుకున్నారు.

వచ్చేటప్పుడు తలనొప్పి. రామ్మూర్తి గారు ఎక్కువ మాట్లాడతారు.

2 ఫిబ్రవరి

లారీ సరుకు దించే అరుగు మీదికి పలకలు వేసి కారు ఎక్కించాం. నా కారు వెడల్పు తక్కువ కాబట్టి తలుపులో పట్టింది. లోపల ఆరు డిగ్రీలు. లక్ష్మీదుర్గ రెండు స్వెట్టర్లు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, మంచులోకే వెళ్తున్నట్టు వచ్చి కూర్చుంది. నోట్లోంచి ఆవిరి వస్తుంటే ఊది ఊది చూసుకుంది. నలభై అయిదేళ్ళ మనిషి, బళ్ళో పిల్లలు చూస్తే ఏమనుకుంటారు? నాకు మాత్రం ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఫ్యాను వేశాను. మూడు నిమిషాలు. గది నేల మీద ఏడాది మిర్చి దుమ్ము, గింజలు. ఫ్యాను ఆ దుమ్ముని పీల్చి కాలుతున్న గొట్టం మీద పోసింది. ఘాటు చూడాలి. బస్తాడు మిరపకాయలు పెనం మీద మాడ్చినట్టు. నేను ఇటు, తను అటు తలుపులు తోసుకుని బయటపడ్డాం. దగ్గు, తుమ్ములు, కన్నీళ్ళు. రామ్మూర్తి గారు నవ్వాపుకోలేక బస్తాల కాటా మీద కూర్చుండిపోయారు.

"ఏవండీ, నేను రైల్లో వెళ్తాను" అంది, ముక్కు తుడుచుకుంటూ.

అనుకోనీ. ఇది హీటరు తప్పు కాదు, మిర్చి తప్పు. రోహ్‌తాంగ్‌లో మిరపకాయలు ఆరబోయరు.

9 ఫిబ్రవరి

ఫ్యాను మూతికి వడకట్టే గుడ్డ కట్టాను. లక్ష్మీదుర్గ పాత మంగళగిరి చీర, నాలుగు మడతలు. షాపు ముందు మిర్చి గింజలు పోసి ఫ్యాను వేసి చూశాను. ఘాటు రవ్వంత కూడా రాలేదు. అరగంట లోపల కూర్చున్నాను.

జాన్ బాషా వచ్చి, "కాలాక చూశావా అన్నా?" అని అడిగాడు. చూశానన్నాను. చూడలేదు. చూడాల్సిన పనేం లేదు.

తలనొప్పి. మొన్నటి ఘాటు ఇంకా వదల్లేదు.

లక్ష్మీదుర్గని ఒప్పించడానికి వారం పట్టింది. "ఈసారి ఏం రాదుగా?" అని అడిగింది. ఏం రాదు, అంతా చూసుకున్నాను అన్నాను. అయితే సరే అంది.

16 ఫిబ్రవరి

ఇది గది తలుపు బయట నించుని రాస్తున్నాను. లెక్క తప్పకుండా ఎప్పటికప్పుడు రాసుకోవాలి. తలుపుకున్న చిన్న అద్దంలోంచి కారు కనిపిస్తోంది. గదిలో అయిదు డిగ్రీలు. బోరు పైపు బయటే ఉంది, పొగంతా పెరట్లోకి పోతోంది.

10.50. ఇద్దరం ఎక్కాం. అద్దాలు మూశాం. ఫ్యాను వేశాను. ఘాటు లేదు. కారులో 9 డిగ్రీలు.

11.05. కారులో 19. లక్ష్మీదుర్గ మఫ్లరు తీసేసింది. నేను దిగాను. తల దిమ్ముగా ఉంది, రాత్రి నిద్ర చాలలేదు.

11.15. కారులో 24. బల్బు వెలుగులో థర్మామీటరు కనిపిస్తోంది. ఒక స్వెట్టరు తీసేసింది. చెయ్యి ఊపాను, ఊపింది.

11.25. 26. తల వెనక్కి ఆనించి కూర్చుంది. బాగుందా అని సైగ చేశాను. చూడలేదు.

11.35. 27. నిద్రపోయింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, పెళ్ళినాటి రంగు. బయట అయిదు డిగ్రీల చలిలో, నేను చేసిన కారులో, నేను చేసిన హీటరు పక్కన హాయిగా నిద్రపోతోంది. కోటేష్ ఉండాల్సింది ఇక్కడ.

11.40. రామ్మూర్తి గారు చాల్లే లేపమంటున్నారు. ఇంకో పది నిమిషాలు అన్నాను.

18 ఫిబ్రవరి

బతికింది.

20 ఫిబ్రవరి

నేను లేపలేదు. రామ్మూర్తి గారు నా మాట వినకుండా లోపలికి వెళ్ళి తలుపు లాగారు. పిలిస్తే పలకలేదు. చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయింది. ఆయన కారులోనే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో వాంతి చేసుకుంది, నా ఒళ్ళోనే. ఆ వాంతి చూసి దేవుడికి దణ్ణం పెట్టాను. రెండు రోజులు ఆక్సిజను మీదే ఉంచారు.

చిన్న వయసు డాక్టరు. ఇంజను పొగ రక్తంలోకి పోయిందన్నాడు. ఇంకో పావుగంట అయితే మన చేతిలో ఉండేది కాదన్నాడు. తర్వాత తన మంచం పక్కనే నించుని నన్ను అడిగాడు.

"ఈ బండిలో ఇంతకు ముందు ఎవరికైనా తలనొప్పి గాని, కళ్ళు తిరగడం గాని వచ్చాయా?"

కోటేష్ పక్కనే ఉన్నాడు. రామ్మూర్తి గారు గుమ్మంలో నించుని ఉన్నారు.

లేదన్నాను.

"బాగా గుర్తు చేసుకోండి. ఒక్కసారి కూడా రాలేదా?"

లేదన్నాను.

కోటేష్ ఈసారి నవ్వలేదు. వాడు తిడితే బాగుండు.

27 ఫిబ్రవరి

ఇంటికి తీసుకొచ్చాం. నడుస్తోంది, తింటోంది. మాటల కోసం వెతుక్కుంటోంది. పొద్దున చాక్‌పీసు అనే మాట రాక, గాల్లో వేలితో గీసి చూపించింది. ఇరవై ఏళ్ళు చాక్‌పీసు పట్టుకున్న మనిషి. నెలలో సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు.

జాన్ బాషా వచ్చాడు. కారు కింద పడుకుని తొడుగు విప్పాడు. ఇంజను నడిపించి, గొట్టం బాగా కాలనిచ్చి, అతుకుల దగ్గర అగరుబత్తి పట్టుకుని చూపించాడు. ఇంజను దగ్గరి అతుకు కింద పొగ అటూ ఇటూ ఎగిరింది. వెంట్రుకంత చీలిక. నా వెల్డింగే.

గొట్టం రేకు పల్చన, అందుకే అలా అయింది.

కాదు. రేకు బాగానే ఉంది.

8 మార్చి

ఈ డైరీ వెనక్కి తిప్పాను. తలనొప్పి ఎనిమిది చోట్ల రాశాను. చలిగాలి, కాఫీ, గోంగూర, స్ప్రేయరు, కళ్ళద్దాలు, రామ్మూర్తి గారు, మిర్చి, నిద్ర. ప్రతిసారీ ఒక కొత్త కారణం. పసుపు పోసి చిల్లు మూసుకున్నట్టు మూసుకున్నాను. జాన్ బాషా తలనొప్పి వస్తుందని చెప్పిన మాట కూడా ఇందులోనే ఉంది, నా చేతిరాతతోనే. హీటరు వల్ల అని ఎక్కడా రాయలేదు. రాస్తే విప్పాల్సి వచ్చేది.

9 మార్చి

చెప్పేశాను. పొద్దున్నే పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఎప్పుడూ కూర్చోను కాబట్టి ఏమిటన్నట్టు చూసింది.

"హీటరు పెట్టిన దగ్గర్నుంచి నాకు తలనొప్పి వస్తోంది. ఆ రోజు నిన్ను కూర్చోబెట్టకముందు ఏడుసార్లు వచ్చింది. నీకు చెప్పలేదు" అన్నాను.

"తెలుసు" అంది.

"ఎట్లా తెలుసే?"

"మీ దిండు గలీబుకి అమృతాంజనం వాసన. ఆదివారం ఆదివారం ఉతుక్కునేది ఎవరు? బండి తీసినప్పుడల్లా రాసుకునేవాళ్ళు."

పీట దగ్గరికి జరుపుకున్నాను.

"తెలిసీ ఎందుకు కూర్చున్నావు?"

చిక్కుడుకాయ గిల్లడం ఆపింది. మాట కోసం వెతుక్కుంటోందేమో అనుకున్నాను. కాదు, మాటలు ఉన్నాయి.

"మీకు తలనొప్పి తెప్పించిన దాంట్లో నన్ను కూర్చోబెట్టరు అనుకున్నా. బాగుచేశాకే రమ్మన్నారు అనుకున్నా. ఏం రాదుగా అని అడిగా కూడా. అంతా చూసుకున్నా అన్నారు మీరు."

తలెత్తలేకపోయాను.

"డాక్టరు అడిగినప్పుడు నాకు మెలకువగానే ఉందండీ. కళ్ళు తెరవలేకపోయా అంతే. మీరు రెండుసార్లు లేదన్నారు." మళ్ళీ కాయలు అందుకుంది. "ఘాటుకి బయటికి దూకా ఆ రోజు. ఘాటే నయం, ఉన్నదున్నట్టు చెప్పింది."

ఏడ్చాను. యాభై రెండేళ్ళు నాకు. లక్ష్మీదుర్గ లేచి లోపలికి వెళ్ళలేదు, దగ్గరికీ రాలేదు. కాయలన్నీ అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

10 మార్చి

గుంటూరు వెళ్ళి డాక్టరుకి చెప్పాను. ఎనిమిదిసార్లు వచ్చింది, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నారు అన్నట్టు చూశాడు. నాకూ గుండె పరీక్ష చేయించాడు. వచ్చేటప్పుడు ఎరువుల షాపులో దిగి కోటేష్‌కీ చెప్పాను. బేరగాళ్ళు నలుగురు ఉన్నారు, వాళ్ళ ముందే చెప్పాను. సాయంత్రం జాన్ బాషాకి, కాలాక చూడలేదని. అతను టీ తెప్పించాడు.

16 మార్చి

హీటరు మొత్తం విప్పి గొట్టం కొత్తది వేశాను. ఈసారి వెల్డింగు జాన్ బాషా చేశాడు. నేను పట్టుకున్నాను. బాగా కాల్చి, అతుకతుక్కీ అగరుబత్తి పెట్టి ఇద్దరం చూశాం.

23 మార్చి

లక్ష్మీదుర్గ మళ్ళీ బడికి వెళ్తోంది. కారులో దించుతానన్నాను. "నడుస్తాలెండి, దగ్గరేగా" అంది. దగ్గరే.

13 ఏప్రిల్

కోటేష్ చేత టికెట్లు తీయించింది. వాడికీ, వాడి భార్యకీ, తనకీ. విజయవాడ నుంచి ఢిల్లీ, అక్కణ్ణించి బస్సు.

నన్ను రమ్మనలేదు. అడిగినా వెళ్ళేవాణ్ణి కాదు, షాపులో పని ఉంది.

అబద్ధం. అడిగితే వెళ్ళేవాణ్ణి.

4 మే

విజయవాడ స్టేషన్‌లో దిగబెట్టాను. బస్సులోనే వెళ్ళాం. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నం కుక్కరులో నీళ్ళు ఎక్కువ పోస్తారు మీరు, చూసుకోండి" అంది. ఇంకేదైనా అంటుందేమోనని రైలుతోపాటు పది అడుగులు నడిచాను.

7 మే

నీళ్ళు ఎక్కువ పోశాను.

11 మే

పొద్దున పదింటికే వడగాడ్పు. షాపులో స్పానరు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. షట్టరు సగం దించుతుంటే ఫోను మోగింది. మనాలీ నుంచి, ఎస్టీడీ బూతులో నించుని చేసింది. వెనక హిందీలో ఎవరో అరుస్తున్నారు.

నిన్న కనుమ ఎక్కారట. కింద అంతా బురద, గుర్రాలవాళ్ళు తొక్కేశారట. ఎవరూ నడవని చోటికి పైకి వెళ్ళిందట. మోకాలి దాకా దిగబడిందట. కోటేష్ వద్దని అరుస్తుంటే వినలేదట. చెబుతుంటే గొంతు ఎగిరిపడుతోంది, ఒక్క మాట కోసం కూడా వెతుక్కోవడం లేదు.

"చలి బాగా ఉందా?" అన్నాను.

"అబ్బో, చెప్పలేనండీ. వేళ్ళు ఉన్నాయో లేదో తెలియలేదు. రెండు స్వెట్టర్లూ దండగే. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నవ్వొచ్చింది. ఇట్లాంటి చలి కోసమేగా ఇంత దూరం వచ్చింది."

నా హీటరు పని చేసి ఉంటే ఆ చలి తనకి దక్కేదే కాదు.

"కోటేష్‌కి తల పట్టేసింది, రాత్రి నుంచి పడుకునే ఉన్నాడు. అంత ఎత్తు ఎక్కితే చాలామందికి వస్తుందంట" అంది.

"నీకు?" అన్నాను. మళ్ళీ అడిగాను. "నీకు తలనొప్పి ఉందా?"

"లేదు." అంది. "వస్తే చెప్తాను. మీరూ చెప్పండి."